నత్తకు చెమ్మే ప్రాణం

పండుగల గురించి, రామభజనల గురించి, మన పూర్వుల చరిత్ర గురించి ఈ పుటలలో ఎన్నోసార్లు ముచ్చటించుకున్నాము. ఈసారి ఒక చిన్న ప్రాణిని గురించి వ్రాస్తున్నాము. అది నత్త. మన పిల్లలు క్రియోల్‌లో 'కుర్పా' అంటారు. వాన వెలిసిన సాయంత్రం సుసు పందిరి క్రింద, పెరటి గోడ మీద కనబడే ఆ గోధుమరంగు గుల్లను ఎరుగనివారు మన దీవిలో లేరు. తోటకు అది చీడ అన్నది నిజమే. కాని ఈ రోజుల్లో మన ఇళ్ళలో కొందరు పిల్లలు దాన్ని గాజు పెట్టెలో పెట్టి ముద్దుగా పెంచుకుంటున్నారు. లండను వెళ్ళి స్థిరపడిన మన కుటుంబాల పిల్లలకు కూడా ఈ సరదా ఉంది. అక్కడ ఈ జాతి నత్తను పెంపుడు జంతువుగా పెంచేవారు చాలామంది.

పెంచటం తేలికే. కాని పెంచేవారు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒక్క విషయంలోనే జరుగుతాయి. అది నీరు. తక్కువైతే నత్త ఎండిపోతుంది. ఎక్కువైతే జబ్బుపడుతుంది. అన్నిటికంటె పెద్ద పొరపాటు మరొకటుంది: తలుపు మూసుకొని నిద్రపోతున్న నత్తను చచ్చిందనుకొని పారవేయటం. ఆ పొరపాటు మేమూ చేశాము. అందుకే ఈ వ్యాసం.

మేము చేసిన పొరపాటు

పడమటి తీరాన ఉన్న మా మందిరంలో వారానికొకసారి పిల్లలకు తెలుగు తరగతి జరుగుతుంది. ఒక ఏడాది పిల్లలు రెండు నత్తలను తెచ్చి, ఇక్కడే పెంచుతామని పట్టుబట్టారు. మేము ఒక షరతు పెట్టి ఒప్పుకున్నాము. నత్త గురించి మాట్లాడే ప్రతి మాటా తెలుగులోనే ఉండాలి. ఆ షరతు బాగా పనిచేసింది. గుల్ల, కొమ్ము, జిగురు, చెమ్మ, తేమ, మూత అనే మాటలు పుస్తకంలో పదిసార్లు వ్రాయించినా రానివి, నెల తిరిగేసరికి పిల్లల నోట పలికాయి.

చలికాలపు సెలవులు వచ్చాయి. మూడు వారాలు మందిరంలో తరగతి లేదు. పెట్టెలో ఆకులు వేసి, గిన్నెలో నీళ్ళు పోసి, ఇక చాలునని మేము తాళం వేసుకొని వెళ్ళిపోయాము. ఆ నెలల్లో పడమటి తీరాన వాన అరుదు, గాలి పొడి. తిరిగి వచ్చి చూస్తే గిన్నె ఎండి ఉంది, మట్టి పిడచకట్టింది. నత్తలు రెండూ గుల్లలోకి ముడుచుకొని ఉన్నాయి. గుల్ల నోటికి అడ్డంగా తెల్లటి పొర గట్టిగా బిగుసుకొని ఉంది. పిల్లలు ఏడ్చారు. మేము వారిని ఓదార్చి, ఒక నత్తను అప్పటికప్పుడే చెత్తతో పాటు బయట పారవేయించాము.

రెండవదాన్ని తీస్తుండగా, భజనకు వచ్చిన ఒక మామ్మగారు చూసి, "చచ్చిందని ఎవరు చెప్పారయ్యా మీకు? తలుపేసుకుంది, అంతే. తడి ఆకు మీద పెట్టి ఊరుకోండి" అన్నారు. ఆవిడ చిన్నతనమంతా చెరకు తోటల మధ్య గడిచింది. తడిపిన అరటి ఆకు మీద ఆ నత్తను పెట్టి మూతవేసి ఉంచాము. మరునాటి ఉదయం పొర విడిపోయి ఉంది. నత్త ఆకు అంచున కొమ్ములు చాచి పాకుతున్నది.

మొదటిదాని కోసం చెత్తకుప్ప దగ్గరకు పరుగెత్తాము. అప్పటికే బండి వచ్చి ఎత్తుకుపోయింది. ఒక పిల్లవాడు, "గురువుగారూ, అదీ బ్రతికే ఉందా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్నే మా చేత నత్త గురించి చదివించింది. చదివినదాన్ని, చేసి చూసినదాన్ని ఇక్కడ చెబుతున్నాము.

నత్త ఒంట్లో నీరు ఎలా పోతుంది?

నత్త శరీరంలో చాలా భాగం నీరే. మన చర్మంలాగా నీటిని లోపల ఆపగల చర్మం దానికి లేదు. అది ఎప్పుడూ తడిగా ఉండే చర్మం. గాలి పొడిగా ఉంటే తడిగుడ్డ ఆరినట్లు ఆరిపోతుంది. ఇది మొదటి నష్టం.

రెండవ నష్టం నడక వల్ల. నత్త నడవాలంటే పాదం క్రింద జిగురు పరచుకోవాలి. ఆ జిగురులో ఎక్కువ పాలు నీరే. గోడ మీద మనకు కనిపించే వెండి చార అంతా నత్త తన ఒంటిలోంచి ఖర్చుపెట్టిన నీరు. 'నత్తనడక' అని మనం నవ్వుతాము గాని, అడుగడుగునా దాహాన్ని కొనితెచ్చుకుంటూ నడిచే ప్రాణి అది. మూడవ నష్టం ఊపిరి వల్ల. నేలనత్తకు ఊపిరితిత్తి వంటి గది ఉంది. దాని రంధ్రం గుల్ల అంచున కుడివైపున తెరచుకుంటూ మూసుకుంటూ ఉండటం జాగ్రత్తగా చూస్తే కనబడుతుంది. తెరచినప్పుడల్లా కొంత తేమ బయటకు పోతుంది. అందుకే నత్త పగటి ఎండలో దాగి, రాత్రివేళ, వానవేళ మాత్రమే తిరుగుతుంది.

పోయిన నీటిని నత్త మూడు దారులలో తిరిగి పొందుతుంది. నోటితో త్రాగుతుంది. ఆకులు, కాయలలోని నీటిని తింటుంది. మూడవది విశేషమైనది: తడి నేల మీద పాదం పరచి కూర్చుంటే, చర్మం గుండానే నీరు లోపలికి ఇంకుతుంది. అందువల్ల గిన్నెలో నీళ్ళు పోసినంత మాత్రాన మన బాధ్యత తీరదు. అది నిలిచే నేల, పీల్చే గాలి రెండూ చెమ్మగా ఉండాలి.

తలుపు మూసుకోవటం అంటే

చెమ్మ కరువైనప్పుడు నత్త చేసే పని ఇది. గుల్ల లోపలికి ముడుచుకొని, నోటికి అడ్డంగా జిగురు పొర కట్టుకుంటుంది. అది ఆరి, సున్నం కలిసి తెల్లని మూత అవుతుంది. లోపల గుండె మెల్లగా కొట్టుకుంటుంది, ఊపిరి తగ్గుతుంది. ఒంటిలోని మలినాన్ని కూడా నీరు ఖర్చుకాని రూపంలో దాచుకుంటుంది. ఇలా నెలల తరబడి ఉండగలదు. వాన పడితే మేలుకుంటుంది.

పెంపుడు నత్తకు ఇది విశ్రాంతి అని మాత్రం అనుకోకూడదు. మూత వేసుకున్న ప్రతి రోజూ దాని బరువు కొంత తరుగుతుంది. పెద్ద నత్త తట్టుకుంటుంది. పిల్ల నత్త తట్టుకోలేదు. చిన్న గుల్లలో నిలవ ఉండే నీరు కొంచెం, ఆరిపోయే చర్మం దానితో పోలిస్తే ఎక్కువ. మూత కనిపించిందంటే, 'నా ఇల్లు ఎండిపోయింది' అని నత్త మనకు చెబుతున్నదని అర్థం.

ఇల్లు ఎలా అమర్చాలి?

గాజు పెట్టెగాని ప్లాస్టిక్ పెట్టెగాని సరిపోతుంది. మూతకు గాలి ఆడే చిన్న రంధ్రాలుండాలి. మూత మొత్తం వలతో ఉంటే చెమ్మ నిలవదు. అప్పుడు వలలో సగాన్ని కప్పి ఉంచవచ్చు.

అడుగున కొబ్బరి పొట్టు ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన పరచాలి. నత్త అందులో దూరి పడుకుంటుంది. కొబ్బరి పీచును ఉప్పునీటిలో నానబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది కనుక, పొట్టులో ఉప్పు మిగిలి ఉండవచ్చు. వాడేముందు మంచినీటిలో రెండుసార్లు కడిగి పిండాలి. మన బీచి ఇసుకను మాత్రం వేయవద్దు. అందులోని ఉప్పు నత్త ఒంట్లోని నీటిని బయటకు లాగివేస్తుంది. పిల్లలు ముచ్చటపడి తెచ్చే పగడపు ముక్కలకూ ఇదే మాట.

పొట్టు ఎంత తడిగా ఉండాలో తెలుసుకోవటానికి పిడికిలి పరీక్ష మంచిది. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరి. చుక్క రాకుండా పొడిగా విడిపోతే నీరు చాలదు. ధారగా కారితే ఎక్కువ. వీలైతే పెట్టెలో ఒక తేమమాపకం పెట్టుకోవచ్చు. అది 75 నుంచి 90 శాతం మధ్య చూపాలి. వేడి 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే నత్తకు సుఖం.

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పిచికారీతో పెట్టె గోడల మీద, పొట్టు మీద సన్నగా నీరు చల్లాలి. సాయంత్రం చల్లటం ముఖ్యం. నత్త మేలుకొని తిరిగేది అప్పుడే. పెట్టెలో ఒక ప్రక్క ఎక్కువ చెమ్మగా, రెండవ ప్రక్క కొంచెం తక్కువగా ఉంచితే, నత్త తనకు కావలసిన చోటు తానే ఎంచుకుంటుంది.

త్రాగటానికి పళ్ళెం పెట్టవచ్చు. లోతు ఒక సెంటీమీటరు మించరాదు. నేలనత్త నీటిలో ఊపిరి తీయలేదు, మునిగితే చనిపోతుంది. పిల్ల నత్తలకు ఆ పళ్ళెం కూడా వద్దు. తడిపిన ఆకు చాలు.

ఏ నీరు మంచిది?

మన కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి పాత్రలో పోసి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే అది చాలావరకు పోతుంది. కాచి చల్లార్చిన నీరు కూడా మంచిదే. ఇంగ్లండులో కొన్ని చోట్ల క్లోరమైన్ అనే మందు కలుపుతారు. అది ఊరికే నిలవ ఉంచినంత మాత్రాన పోదు. చేపల దుకాణాలలో దొరికే విరుగుడు చుక్కలు వేసుకోవాలి.

ఇక్కడ మన ఇళ్ళకు ప్రత్యేకమైన ఒక హెచ్చరిక. పూజగదిలో రాగిచెంబుతో నీరు ఉంచటం మన ఆచారం. ఆ నీరు మనకు పవిత్రం. కాని రాగి నత్త జాతికి విషం. నత్తలను చంపే మందులలో రాగిని వాడతారు. కనుక రాగిచెంబులో నిలిచిన నీటిని నత్తకు పోయవద్దు. రాగి పళ్ళెంలో మేత పెట్టవద్దు. మట్టి మూకుడు అన్నిటికంటె మేలు.

మేతలోనూ నీరుంటుంది. కీరదోస, లెట్యూస్ ఆకు, సుసు కాయ ముక్క, సొరకాయ మంచివి. మందు చల్లిన కూరలైతే బాగా కడగాలి. వండిన కూర, ఉప్పు తగిలినదేదీ పెట్టరాదు. గుల్ల గట్టిపడటానికి సున్నం కావాలి. ఎండబెట్టి నూరిన గ్రుడ్డుపెంకు గాని, సముద్రఫేనం అని మనవారు పిలిచే కటిల్ చేప ఎముక గాని పెట్టవచ్చు. సముద్రఫేనాన్ని ఉప్పు పోయేదాకా మంచినీటిలో నానబెట్టి కడగటం మరువరాదు.

దీవిలో ఏ చోట ఉన్నారో చూసుకోండి

మన దీవి చిన్నదే అయినా చెమ్మ అంతటా ఒకటి కాదు. క్యూర్‌పిప్ వంటి పీఠభూమి ఊళ్ళలో వాన, మంచు ఎక్కువ. అక్కడ రోజుకు ఒకసారి చల్లినా చాలు. బూజు పట్టకుండా గాలి ఆడేట్టు చూసుకోవటమే అక్కడ పని. పోర్ట్ లూయిస్‌లోను, పడమటి తీరంలోను సెప్టెంబరు మొదలు నవంబరు దాకా రెండు పూటలూ చల్లక తప్పదు. గదిలో విసనకర్ర యంత్రం గాని, చల్లని గాలి యంత్రం గాని తిరుగుతుంటే చెమ్మ ఇంకా త్వరగా ఆరిపోతుంది. లండనులోని మన పిల్లలకు ఈ కష్టం చలికాలంలో వస్తుంది. ఇల్లు వెచ్చచేసే గొట్టాల ప్రక్కన పెట్టెను ఉంచరాదు.

నీరు ఎక్కువైతే

ప్రేమతో ఎక్కువ నీరు పోసేవారూ ఉన్నారు. అడుగున నీరు నిలిస్తే పొట్టు కుళ్ళి వాసన వేస్తుంది, సన్నని పురుగులు చేరుతాయి. నత్త నేల మీదకు దిగకుండా ఎప్పుడూ మూతకే అంటిపెట్టుకొని ఉంటే, శరీరం ఉబ్బినట్లు కనిపిస్తే, నేల మరీ తడిగా ఉందేమో చూడాలి. తడిసిన పొట్టు తీసివేసి క్రొత్తది వేయాలి. చెమ్మ వేరు, మడుగు వేరు. నత్తకు కావలసింది చెమ్మ.

ఎండిన నత్తను లేపటం

గుల్ల తేలికగా అనిపించటం, శరీరం లోలోపలికి ముడుచుకుపోవటం, చర్మం ముడతలుపడి జిగురు తగ్గటం, నోటికి పొర కట్టటం ఇవన్నీ దాహపు గుర్తులు. వారానికొకసారి వంటింటి త్రాసులో తూచి వ్రాసుకుంటే, కంటికి కనబడకముందే సంగతి తెలుస్తుంది.

పొర కట్టిన నత్తను లేపటానికి తొందర పనికిరాదు. గోటితో పొరను పెకలించవద్దు. శరీరాన్ని పట్టి లాగవద్దు. తడిపిన ఆకు మీద గాని, చెమ్మ పొట్టు మీద గాని, గుల్ల నోరు క్రిందికి వచ్చేటట్లు పెట్టండి. చుట్టూ గోరువెచ్చని నీరు సన్నగా చల్లండి. చాలామట్టుకు ఒక రాత్రిలో మేలుకుంటుంది. మేలుకోకపోతే రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. మీరు ప్రక్కనే ఉండాలి. లేచిన వెంటనే కీరదోస ముక్క పెట్టండి.

చచ్చిన నత్తను గుర్తుపట్టటం కష్టం కాదు. శరీరం గుల్లలోంచి వ్రేలాడి, ముట్టుకున్నా కదలదు. ఒకటి రెండు రోజుల్లో భరించలేని దుర్వాసన వస్తుంది. వాసన లేక, పొర బిగువుగా ఉన్న నత్తను పారవేయవద్దు.

కొన్ని జాగ్రత్తలు

తోటలో పట్టిన నత్తలలో ఎలుకల నుంచి వచ్చే ఒక సన్నని పురుగు ఉండవచ్చు. అది మనిషి ఒంట్లోకి పోతే మెదడు పొరలకు వాపు తెస్తుంది. నత్తను ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాన్ని ముద్దుపెట్టుకోవటం, తినే బల్ల మీద పాకించటం మాన్పించాలి. చిన్నపిల్లల ప్రక్కన పెద్దలుండాలి. తోటలో పట్టినదానికంటె పెట్టెలో పుట్టి పెరిగినది మంచిది.

ప్రతి నత్తా ఆడా మగా తానే. ఒక్క విడతకు వంద, రెండు వందల గ్రుడ్లు పెడుతుంది. పొట్టులో గ్రుడ్లు కనబడితే మంచుపెట్టెలో ఒకటి రెండు రోజులు గడ్డకట్టించిన తరువాతే పారవేయాలి. పెంపుడు నత్తను తోటలో వదలరాదు. ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి తీసుకుపోరాదు. అమెరికాలో ఈ నత్తను ఉంచుకోవటమే నేరం. ఎక్కడ ఉన్నా, పెంచేముందు అక్కడి వ్యవసాయ శాఖ నియమాలు తెలుసుకోవటం మన విధి.

ఈ మాట చెప్పటానికి మన దీవి చరిత్రే సాక్ష్యం. ఈ నత్త పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల నాటికే మన దీవికి చేరింది. 1847లో విలియం హెన్రీ బెన్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఇక్కడి నుంచి కొన్ని నత్తలను కలకత్తా తీసుకుపోయాడు. అవి అక్కడి తోటలో చేరి, క్రమంగా భారతదేశంలో వ్యాపించాయి. నేడు కేరళ, తమిళనాడు, కర్ణాటక రైతులు వాటితో వేగుతున్నారు. ఆలోచించి చూడండి. మన పూర్వులు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి ఇటు వస్తున్న ఆ కాలంలోనే, ఈ నత్త ఇటు నుంచి ఓడలో అటు పోయింది. మనవారు చెమటోడ్చి పంటలు పండించారు. అది పంటలు తిన్నది. దోషం దానిది కాదు, ఆలోచించక మోసుకుపోయినవారిది.

అంతటితో ఆగలేదు. దీన్ని అణచటానికి 1960 ప్రాంతంలో ఇంకొక నత్తను, నత్తలను తినే జాతిని, మన దీవికి తెచ్చారు. అది ఈ పెద్ద నత్తను అణచలేకపోయింది గాని, ఈ దీవిలో తప్ప ఎక్కడా లేని చిన్న నత్తలను తిని వాటికి ముప్పు తెచ్చింది. అడవిలో కనిపించే ఆ చిన్న నత్తలను పిల్లలు ఇంటికి తేకుండా మనం చెప్పాలి. వాటి చెమ్మ అడవిలోనే ఉంది.

ముగింపు

మా మందిరంలో బ్రతికిన ఆ నత్త తరువాత చాలా కాలం పిల్లల మధ్య ఉన్నది. పెట్టె ప్రక్కన గోడకు ఒక కాగితం అంటించాము. రోజూ నీరు చల్లినవారు తమ పేరు, 'చెమ్మ సరి' అన్న మాట తెలుగులో వ్రాయాలి. సెలవులలో ఎవరి ఇంట్లో ఉంచాలో ముందే నిర్ణయించుకుంటున్నాము. కాగితం అడుగున పిల్లలే ఒక నియమం చేర్చారు: 'తలుపు మూసుకున్న నత్తను తడి ఆకు మీద మూడు రోజులు ఉంచకుండా ఎవరూ పారవేయరాదు.'

ఆ నియమం వ్రాసినది, మమ్మల్ని ఆనాడు ప్రశ్న అడిగిన పిల్లవాడే. అక్షరదోషాలు రెండున్నాయి. మేము దిద్దలేదు.

మీ ఇళ్ళలోనూ పిల్లలు నత్తను పెంచుతుంటే, ఈరోజే గుప్పెడు పొట్టు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలాయా? అయితే మీ నత్త సుఖంగా ఉన్నట్లే. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఆ చుక్కలను తెలుగులో లెక్కపెట్టించండి.